ఒక్క పేరు దగ్గర ల్యాబ్ స్క్రిప్ట్ మొత్తం ఆగిపోయింది. ప్యాకేజీ పేర్లకు ఒక పద్ధతంటూ ఉండదా?

గడియారంసెంటర్ (నల్లగొండ) · శనివారం రాత్రి 9:42

అందరికీ నమస్తే. సోమవారం పొద్దున మా పిల్లలకు ప్రాక్టికల్స్. నాకు ఇప్పటినుంచే టెన్షన్.

ల్యాబ్‌లో 38 మెషిన్లు. సెలవుల్లో 26 మెషిన్లను ఉబుంటు లినక్స్ 22.04 నుంచి 24.04కి మార్చాను. మిగతా 12లో ఫెడోరా, అదీ లినక్స్‌లో ఇంకో రకమే (డిస్ట్రో). అవి మా పాత విద్యార్థి ఒకతను ఇప్పించినవి, ఎక్కించింది కూడా అతనే, అందుకే నేను ముట్టుకోలేదు. మెషిన్‌లో ఏది పోయినా నేను చేసేది ఒకటే పని, ఓ స్క్రిప్ట్ నడపడం. అందులో 31 ప్యాకేజీల (ఎక్కించుకునే సాఫ్ట్‌వేర్ మూటల) పేర్లు ఒకే వరుసలో ఉంటాయి. ఉబుంటులో ప్యాకేజీలు ఎక్కించే ఏపీటీకి అప్పజెప్పి టీ తాగి వచ్చేసరికి అయిపోయేది. మూడేళ్లుగా ఇదే తంతు.

ఇవాళ టీ తాగి వచ్చి చూస్తే ఏమీ ఎక్కలేదు. సౌండ్ లైబ్రరీ 'లిబ్‌ఏసౌండ్2' అనేది వర్చువల్ ప్యాకేజీ, అంటే ఉత్త పేరే అట. దాన్ని ఇచ్చేవి రెండున్నాయట, నువ్వే ఒకటి ఎంచుకో అంటోంది. ఆ ఒక్కటి తేలలేదని మిగతా 30 కూడా ఆపేసింది. పెళ్లికొడుకు చెప్పు కనపడలేదని ఊరేగింపు మొత్తం ఆగినట్టుంది.

సరే అని ఫెడోరా వైపు పోయాను. అక్కడ కంపైలర్ల మూట 'బిల్డ్-ఎసెన్షియల్' లేదు. వెబ్ సర్వర్ 'అపాచీ2' లేదు, 'హెచ్‌టీటీపీడీ' అంటేనే పలుకుతుంది. పైథాన్ నుంచి ఆర్డుయినోతో మాట్లాడే లైబ్రరీ ఇక్కడ 'పైథాన్3-సీరియల్', అక్కడ 'పైథాన్3-పైసీరియల్'. సరుకు ఒకటే కదా. వీళ్లంతా ఎప్పుడూ ఒకచోట కూర్చుని పేర్లు ఖాయం చేసుకోలేదా?

దేవరకొండ_టెర్మినల్ · రాత్రి 9:50

ఆర్చ్ లినక్స్ పెట్టుకోండి సార్. అక్కడ దాని పేరు ఉత్త 'అపాచీ'. వెనక 2 లేదు, డీ లేదు :)

పిల్లలమర్రి_నీడ (మోడరేటర్) · రాత్రి 9:53

ఎల్లుండి పరీక్ష పెట్టుకున్న మనిషికి ఆర్చ్ ఎక్కించుకోమంటావా తమ్ముడూ. నవ్వులు తర్వాత. పాలమూరు అన్న ఆన్‌లైన్‌లో ఉన్నట్టున్నారు, చూస్తారు.

పాలమూరు_ప్యాకేజర్ (మహబూబ్‌నగర్) · రాత్రి 10:08

సార్, ముందు పని కానివ్వండి. స్క్రిప్ట్‌లో ఆ పేరు చివర టి64 చేర్చి 'లిబ్‌ఏసౌండ్2టి64' అని రాసి నడపండి. కారణం తీరిగ్గా చెప్తాను.

డెబియన్‌లో, దాని బిడ్డ ఉబుంటులో, లైబ్రరీ పేరు చివరున్న అంకె అందానికి పెట్టింది కాదు. లైబ్రరీ తన మీద ఆధారపడ్డ ప్రోగ్రాములకు ఇచ్చిన మాట అది. ఆ మాట మారితే అంకె మారుతుంది, అంకె మారితే ప్యాకేజీ పేరే మారుతుంది. 'లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1' వేరు, 'లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3' వేరు. పేరు ఒకటే ఉంటే కొత్తది రాగానే పాతది పోయేది, దాన్ని పట్టుకుని నడిచేవన్నీ ఆ పూటకే మూతపడేవి. పేర్లు వేరు కాబట్టి రెండూ ఒకే మెషిన్‌లో పక్కపక్కన ఉండగలవు.

టి64 కథ ఇంకొంచెం వింత. సమయాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతారు కదా, 32 బిట్ల లెక్క 2038 జనవరి 19న నిండిపోతుంది. అందుకని 32 బిట్ల మెషిన్లలోనూ ఆ లెక్కను 64 బిట్లకు పెంచారు. పెంచితే చాలా లైబ్రరీల లోపలి కొలతలు మారాయి. కానీ లైబ్రరీ రాసినవాళ్లు తమ అంకె మార్చలేదు. ఇచ్చిన మాట మారింది, అంకె మాత్రం పాతదే. దాంతో డెబియన్ వాళ్లే 2024లో వందల లైబ్రరీల పేర్లకు టి64 తగిలించారు. ఉబుంటు 24.04లోకి అవే వచ్చాయి. మీ 64 బిట్ల మెషిన్‌లో నిజానికి మారిందేమీ లేదు. ప్యాకేజీ పేరు అన్ని రకాల ప్రాసెసర్లకూ ఒకటే ఉండాలి కాబట్టి మీకూ ఆ తోక వచ్చింది.

అంటే మీ స్క్రిప్ట్‌ను ఆపింది పద్ధతి లేకపోవడం కాదు. పద్ధతిని మరీ నిష్ఠగా పాటించడం.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ పేరు మీ జాబితాలోకి అసలు ఎలా వచ్చింది?

గడియారంసెంటర్ · రాత్రి 10:31

అయింది! ఆరు మెషిన్లలో చూశాను, ఆరింటిలోనూ ఎక్కింది. మీకు ఇరానీ చాయ్ బాకీ.

ఎలా వచ్చిందంటే, రెండేళ్ల కింద ఒక సిమ్యులేటర్‌లో సౌండ్ రాలేదు. ఎక్కడో చదివి ఆ పేరు పెట్టాను. వచ్చింది. ఇక తీయలేదు.

పాలమూరు_ప్యాకేజర్ · రాత్రి 10:40

నేను అనుకున్నదే. లైబ్రరీని మనం పేరు పెట్టి పిలవాల్సిన పనే లేదు సార్. దాన్ని కోరుకున్న ప్రోగ్రామే వెంట తెచ్చుకుంటుంది. మనం అడగాల్సినవి ప్రోగ్రాముల పేర్లు, లేదంటే కోడ్ రాసుకోవడానికి 'డెవ్' ప్యాకేజీలు. 'లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్' చూడండి, 1.1 పోయి 3 వచ్చినా దాని పేరు కదల్లేదు. పిలవడానికి పెట్టిన పేరు నిలకడగా ఉంటుంది, లోపలి లెక్క కోసం పెట్టిన పేరు మారుతూ ఉంటుంది. మీ 31లో ఆ రెండోరకం ఎన్నున్నాయో చూసి తీసేయండి.

గడియారంసెంటర్ · రాత్రి 10:58

ఏడు తేలాయి. అన్నీ ఎప్పుడో ఎక్కడో చదివి పెట్టినవే. అందులో 'లిబ్‌ఎన్‌కర్సెస్5' కూడా ఉంది, అది 24.04లో లేనే లేదట. లిబ్‌ఏసౌండ్ దాటితే దాని దగ్గర ఆగేదన్నమాట.

మిర్యాల_మిల్లు (మిర్యాలగూడ) · ఆదివారం ఉదయం 6:15

రాత్రి నిద్రపోయాను, ఇప్పుడే చూస్తున్నా. మిల్లు లెక్కలు నడిచే సర్వర్ మాది ఫెడోరా, కాబట్టి ఆ పక్షాన ఒక మాట.

మా దగ్గరికి వచ్చే ధాన్యానికి రెండేసి పేర్లు. ఆర్‌ఎన్‌ఆర్ 15048ని రైతు తెలంగాణ సోనా అంటాడు. బీపీటీ 5204ని సాంబ మసూరి అంటారు. ఎంటీయూ 1010 అంటే కాటన్‌దొర సన్నాలు. ముందున్న అక్షరాలు ఆ రకం ఎక్కడ పుట్టిందో చెప్తాయి: రాజేంద్రనగర్, బాపట్ల, మారుటేరు. వెనకున్న అంకె ఏ రకమో చెప్తుంది. అంగట్లో బియ్యం కొనే ఆమెకు 15048తో పని లేదు. కానీ కాంటా దగ్గర నేను ఆ అంకె రాయకపోతే సాయంత్రానికి రెండు రకాలు ఒకే రాశిలో పడతాయి.

ఫెడోరా వాళ్లు రెండు పేర్లనూ రెండు చోట్ల పెట్టారు. బయటికి ప్యాకేజీ పేరు 'ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-లిబ్స్', అంకె లేదు, సాదాగా ఉంటుంది. ఏ అంకె లైబ్రరీ కావాలన్నది ప్యాకేజీ లోపల ఆర్‌పీఎం (ఫెడోరా మూటలు కట్టేది) తనంతట తనే రాసుకుంటుంది, మీ ఏపీటీ లాంటి మా డీఎన్‌ఎఫ్ ఆ చిట్టా చూసి జత కలుపుతుంది. పాత అంకెది ఎవరికైనా తప్పనిసరైతే దానికి ఇంకో ప్యాకేజీ చేస్తారు. కొన్నాళ్లు 'కంపాట్-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్10' అని ఉండేది.

మీ 12 మెషిన్లకు చిట్కా: పేరు తెలియనప్పుడు పేరు అడగకండి, కావాల్సిన ఫైలు అడగండి. డీఎన్‌ఎఫ్ ఇన్‌స్టాల్ అని, వెనక ఆ కమాండ్ పూర్తి దారి, అంటే యూఎస్‌ఆర్ బిన్ జీసీసీ అని ఇస్తే, అది ఏ ప్యాకేజీలో ఉందో డీఎన్‌ఎఫే చూసుకుంటుంది.

సాగర్_నీలం (హాలియా, ఫైనల్ ఇయర్) · ఉదయం 8:20

అన్నా ఈ ఫైలు అడిగే సంగతి నాకు ఇంతవరకు తెలియదు. ఉబుంటులో ఉందా?

పాలమూరు_ప్యాకేజర్ · ఉదయం 8:34

నేరుగా లేదమ్మా. 'ఏపీటీ-ఫైల్' అని ఒకటి ఎక్కించుకుంటే ఏ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో వెతికి చెప్తుంది, ఎక్కించడం మన పని. ఇందులో ఫెడోరా మాకంటే మెరుగు, ఒప్పుకుంటాను.

దేవరకొండ_టెర్మినల్ · ఉదయం 8:36

పాలమూరు అన్న ఒప్పుకున్నాడు. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయండి.

కోయిల్‌సాగర్ · ఉదయం 9:10

నేను జావా చెప్పేవాణ్ని. పేర్ల గోల అంటే మా దగ్గరే చూడాలి. డెబియన్‌లో 'ఓపెన్‌జేడీకే-21-జేడీకే'. ఫెడోరాలో 'జావా-21-ఓపెన్‌జేడీకే-డెవెల్'. ఆర్చ్‌లో 'జేడీకే21-ఓపెన్‌జేడీకే'. అవే ముక్కలు, మూడు రకాల వరుస. మన ఇంటిపేరు లాగ. ఊళ్లో ఇంటిపేరు ముందు రాస్తాం, పాస్‌పోర్టు దగ్గరికొచ్చేసరికి వెనక్కి పోతుంది, బ్యాంకులో పొట్టి అక్షరమై మధ్యలో చేరుతుంది. మనిషి ఒకడే, కానీ మూడు కాగితాలు పక్కన పెడితే గుమాస్తా నమ్మడు.

ఫెడోరాలో ఇంకో తిప్పలు పెద్దక్షరాలు. డెబియన్ నియమం కచ్చితం: చిన్నక్షరాలు, అంకెలు, కూడిక గుర్తు, అడ్డగీత, చుక్క. ఇవి తప్ప ఇంకేవీ పేరులో పనికిరావు. కింద గీత కూడా వద్దు. ఫెడోరాలో అసలు రచయిత ఎలా రాసుకుంటే అలా. నెట్‌వర్క్ మేనేజర్ ఫెడోరాలో రెండు పెద్దక్షరాలతో కలిపి ఒకే మాట, డెబియన్‌లో అంతా చిన్నక్షరాలు మధ్యలో అడ్డగీత, ఆర్చ్‌లో చిన్నక్షరాలే కానీ గీత లేదు. విడ్డూరం ఏమిటంటే, సర్వీసులు నడిపే సిస్టమ్‌డీలో దాని సర్వీస్ పేరు మాత్రం అంతటా పెద్దక్షరాలతోనే. డెబియన్‌లో ఒక పేరుతో ఎక్కించి ఇంకో పేరుతో నడపాలి. మా పిల్లలు ఏటా ఇక్కడ ఓ పది నిమిషాలు పోగొట్టుకుంటారు.

సాగర్_నీలం · ఉదయం 9:41

సార్ పైథాన్ అడగండి, నేను చెప్తాను. మా ప్రాజెక్టులో మూడు రోజులు పోయింది.

పైథాన్ లైబ్రరీలు తెచ్చే పిప్‌తో అయితే బొమ్మల లైబ్రరీని 'పిల్లో' అని అడగాలి. కోడ్‌లో ఇంపోర్ట్ చేసేది 'పిల్'. ఉబుంటు ప్యాకేజీ 'పైథాన్3-పిల్'. ఫెడోరాది 'పైథాన్3-పిల్లో'. అలాగే 'బ్యూటిఫుల్‌సూప్4' ఇంపోర్ట్ చేస్తే 'బీఎస్4', ఉబుంటులో 'పైథాన్3-బీఎస్4'. మా టీమ్‌లో నాది ఉబుంటు, ఇంకో అమ్మాయిది ఫెడోరా. ఇద్దరం ఒకరి నోట్స్ ఒకరం చూసి తప్పు రాశావని ఒకరినొకరం తిట్టుకున్నాం. ఇద్దరిదీ కరెక్టే అని తర్వాత తెలిసింది.

పాలమూరు_ప్యాకేజర్ · ఉదయం 10:02

ఇది మంచి ఉదాహరణ. ఇక్కడ ఎవరూ అడ్డదిడ్డంగా పెట్టలేదు చూడు. డెబియన్ పైథాన్ నియమం ఏమంటుందంటే, కోడ్‌లో ఏ పేరుతో ఇంపోర్ట్ చేస్తావో ప్యాకేజీకి ఆ పేరే పెట్టు అని. ఫెడోరా వాళ్లు పిప్‌లో, అంటే రచయిత దుకాణంలో, ఏ పేరుందో అది తీసుకుంటారు. గడియారం సార్ చెప్పిన సీరియల్, పైసీరియల్ తేడా కూడా ఇదే. ఏ నియమం వాడుతున్నారో తెలిస్తే పదిలో తొమ్మిది పేర్లు ఊహించి రాయొచ్చు. పదోది ఉండనే ఉంటుంది: ఓపెన్‌సీవీని ఇంపోర్ట్ చేసేది 'సీవీ2' అని, అయినా డెబియన్‌లో 'పైథాన్3-ఓపెన్‌సీవీ'యే.

నన్నడిగితే డిస్ట్రోలన్నీ ఒకే పేరు పెట్టుకోవాలన్న కోరిక తీరేది కాదు, తీరకపోయినా పెద్ద నష్టం లేదు. ఒక డిస్ట్రో లోపల నియమం ఒకటే ఉందా, దాన్ని చూసి తెలియని పేరు ఊహించగలమా అన్నదే అసలు ప్రశ్న. డెబియన్ 13లో దాదాపు 70 వేల ప్యాకేజీలు ఉన్నాయి. పర్ల్ మాడ్యూల్ అయితే ముందు 'లిబ్', వెనక 'పర్ల్'. ఆర్ భాషది అయితే 'ఆర్-క్రాన్'. ఫాంట్ అయితే 'ఫాంట్స్'. ఇవి బట్టీ పడితే రావు, నియమం తెలిస్తే చాలు.

మిర్యాల_మిల్లు · ఉదయం 10:15

అన్నా ఫాంట్ల పేర్లు మీవాళ్లే మార్చారు కదా. ముందు 'టీటీఎఫ్' అని ఉండేవి. నా పాత నోట్స్‌లో అన్నీ 'టీటీఎఫ్-డెజావూ' లాంటివే.

పాలమూరు_ప్యాకేజర్ · ఉదయం 10:21

మార్చారు, మంచికే మార్చారు. ఫైలు ఏ రకమన్నది పేరులో పెట్టడం తప్పు. రేపు అదే ఫాంట్ ఓటీఎఫ్‌గా వస్తే పేరు అబద్ధమవుతుంది.

సాగర్_నీలం · ఉదయం 10:50

ఫాంట్లు అన్నారు కాబట్టి, ఉబుంటులో తెలుగుకు సంబంధించినవన్నీ నిన్న రాత్రి వెతికాను. చూడండి.

స్పెల్లింగ్ చూసేది 'హన్‌స్పెల్-టీఈ'. ఆఫీస్ మెనూలు తెలుగులో కావాలంటే 'లిబ్రేఆఫీస్-ఎల్10ఎన్-టీఈ'. స్కాన్ చేసిన పేజీ చదివించాలంటే 'టెసరాక్ట్-ఓసీఆర్-టీఈఎల్'. ఫాంట్లు కావాలంటే 'ఫాంట్స్-టీఈఎల్‌యూ'. ఇంకో ఫాంట్ల ప్యాకేజీ 'ఫాంట్స్-తెలుగువిజయం', అందులో తెలుగు అని పూర్తిగా ఉంది. ఒకే డిస్ట్రోలో మన భాషకు నాలుగు పేర్లు. పేర్లలో తెలుగు అని వెతికితే చాలావరకు కనపడవు. నియమం ఒకటే అన్నారు కదా అన్నా?

దేవరకొండ_టెర్మినల్ · ఉదయం 10:52

దొరికిపోయారు.

పిల్లలమర్రి_నీడ · ఉదయం 11:20

దీనికి నేను చెప్తాను, స్థానికీకరణ పని కొన్నేళ్లు చేశాను. నాలుగూ తప్పు కాదు నీలం. రెండక్షరాలది భాషకు ఐఎస్‌ఓ 639లో ఉన్న పొట్టి కోడ్. మూడక్షరాలదీ భాషకే, అదే ప్రమాణంలో ఇంకో భాగంలో ఉంది. టెసరాక్ట్ రాసినవాళ్లు మూడక్షరాలది వాడారు, డిస్ట్రో దాన్నే ఉంచింది. నాలుగక్షరాలది అసలు భాషకు కాదు, లిపికి. లిపులకు ఐఎస్‌ఓ 15924 అని వేరే ప్రమాణం ఉంది. ఫాంట్‌కు కావాల్సింది లిపి కదా. తెలుగు అక్షరాల్లో సంస్కృత శ్లోకం వేసినా అదే ఫాంట్ పనికొస్తుంది. కాబట్టి అక్కడ లిపి కోడ్ పెట్టడం నాకు నచ్చింది.

కానీ నచ్చడం వేరు, దొరకడం వేరు. మా స్కూల్లో ఒక టీచరమ్మ తెలుగు ఫాంట్ కోసం సాఫ్ట్‌వేర్ సెంటర్‌లో పోతన అని టైప్ చేసింది. పోతన 2000, వేమన 2000 రెండూ డెబియన్‌లో 'ఫాంట్స్-టీఈఎల్‌యూ-ఎక్స్‌ట్రా' లోపల ఉన్నాయి. ప్యాకేజీ పేరు చూసి ఎవరికి తెలుస్తుంది? ఫెడోరాలో అయితే 'పోతన2000-ఫాంట్స్' అని సూటిగా ఉంది. కవి పేరుతో వెతికితే కవి దొరకాలి కదా.

కోయిల్‌సాగర్ · ఉదయం 11:34

పేరు ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లదే అన్న గొడవ కూడా ఉంది మేడమ్. 'గిట్' అనే పేరు డెబియన్‌లో చాలాకాలం కోడ్ మార్పుల లెక్క ఉంచే ఇప్పటి గిట్‌ది కాదు, ఇంటరాక్టివ్ టూల్స్ అని వేరే ప్రోగ్రాంది. మనం వాడే గిట్ 'గిట్-కోర్' పేరుతో బతికింది. 'నోడ్' కమాండ్ కూడా ముందు హామ్ రేడియో ప్రోగ్రాంది. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ జేఎస్ వచ్చాక తగువు పెద్దదై 2012లో డెబియన్ టెక్నికల్ కమిటీ దాకా పోయింది. అప్పట్లో ఎవరికీ ఆ ఉత్త పేరు ఇవ్వకుండా ఇద్దరినీ మార్చుకోమన్నారు. పొలం గట్టు తగువులో పెద్దమనుషులు గట్టును ఇద్దరి పొలాల్లోంచీ తీసినట్టు.

గడియారంసెంటర్ · మధ్యాహ్నం 12:40

ఇంత విన్నాక సిగ్గు విడిచి ఒకటి చెప్పాలి. మన గ్రూపు రిపో (ప్యాకేజీల గోదాము) ఉంది కదా, తొమ్మిది ప్యాకేజీలది. దానిలో పేర్లు ఇవాళ మళ్లీ చూశాను. 'ల్యాబ్‌టూల్స్-ఫైనల్' ఉంది. 'ల్యాబ్‌టూల్స్-ఫైనల్2' కూడా ఉంది. రెండూ నేను పెట్టినవే.

పాలమూరు_ప్యాకేజర్ · మధ్యాహ్నం 12:49

😀 సార్, ఫైనల్2 అనేది వెర్షన్ కావాల్సింది, మీరు పేరు చేశారు. ఏపీటీ దృష్టిలో అవి ఇద్దరు వేరు వేరు మనుషులు. ఫైనల్ ఉన్న మెషిన్‌కు ఫైనల్2 అప్‌గ్రేడ్‌గా ఎప్పటికీ రాదు. చేత్తో పెట్టబోతే, ఈ ఫైలు ఇప్పటికే ఆ ప్యాకేజీలో ఉంది, దాని మీద రాయను అని ఏపీటీ కింద పనిచేసే డీపీకేజీ మొరాయిస్తుంది. మీకు వచ్చే ఉంటుంది.

గడియారంసెంటర్ · మధ్యాహ్నం 12:55

వచ్చింది. నేను బలవంతంగా రాయించాను.

పాలమూరు_ప్యాకేజర్ · మధ్యాహ్నం 12:56

అయ్యో సార్.

పిల్లలమర్రి_నీడ · మధ్యాహ్నం 1:30

అయితే మన తొమ్మిదింటికీ ఇవాళే పేర్లు సరిచేద్దాం. అన్నిటికీ ముందు ఒక గుర్తు పెట్టాలి. లేకపోతే రేపు డెబియన్‌లో అదే పేరుతో ఇంకేదో వస్తే, ఏపీటీ ఎవరిదన్నది చూడదు, ఏది పెద్ద వెర్షనైతే దాన్ని తెస్తుంది. గుర్తు ఏం పెడదాం?

గడియారంసెంటర్ · మధ్యాహ్నం 1:34

'నల్లగొండ-' అని.

కోయిల్‌సాగర్ · మధ్యాహ్నం 1:35

మేమెక్కడికి పోవాలె సార్? పాలమూరోళ్లం సగం మందిమి ఉన్నాం ఇక్కడ.

దేవరకొండ_టెర్మినల్ · మధ్యాహ్నం 1:41

ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా తేలదు. నల్లగొండలో ఎల్ ఒకటా రెండా? రైల్వే వాళ్లది ఒకలా, మా కాలేజీ బోర్డు మీద ఇంకోలా. మహబూబ్‌నగర్ అయితే యూ పెట్టాలా, రెండు ఓలు పెట్టాలా, హెచ్ తర్వాత ఏ ఉందా లేదా. 'అనేబుల్ టు లొకేట్ ప్యాకేజ్' చూస్తూ కూర్చోవాలి.

మిర్యాల_మిల్లు · మధ్యాహ్నం 1:58

ఊరి పేరు వద్దే వద్దు. మా నాన్న బండి ఏపీ 24. నాది టీఎస్ 05. మొన్న మా తమ్ముడు కొన్నది టీజీ 05. అదే ఇల్లు, అదే వాకిలి, మూడు బండ్లూ పక్కపక్కనే ఉంటాయి. 2016లో జిల్లా మూడు ముక్కలైంది, సూర్యాపేటోళ్లకు 29 ఇచ్చారు. పాలమూరు సంగతి చెప్పక్కర్లేదు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టింది 1890లో, ఇప్పటికీ మనం పాలమూరు అనే అంటున్నాం. ఆఫీసు పేరు మారినా జనం నోట్లో పేరు మారదు, స్క్రిప్ట్‌లో పేరూ అంతే. మారనిది పెట్టండి.

సాగర్_నీలం · మధ్యాహ్నం 2:10

డిండి?

కోయిల్‌సాగర్ · మధ్యాహ్నం 2:12

ఓహో. వాగు పుట్టేది మా వైపు, పోయి కృష్ణలో కలిసేది మీ వైపు.

దేవరకొండ_టెర్మినల్ · మధ్యాహ్నం 2:13

ఇంగ్లిష్‌లో అయిదు అక్షరాలు, స్పెల్లింగ్ ఒక్కటే. మా ఊరికి దగ్గర కూడా. నా ఓటు.

పాలమూరు_ప్యాకేజర్ · మధ్యాహ్నం 2:40

'డిండి-' బాగుంది. ఏపీటీలో, డీఎన్‌ఎఫ్‌లో వెతికాను, ఆ పేరుతో మొదలయ్యేది ఒక్కటీ రాలేదు.

సార్, మీ 31 పేర్ల జాబితాను, అంటే ఏడు పోగా 24ను, స్క్రిప్ట్‌లోంచి తీసేద్దాం. 'డిండి-ల్యాబ్' అని లోపల ఫైళ్లేమీ లేని ప్యాకేజీ ఒకటి చేస్తాను. దాని ఆధారాల్లోనే ఆ 24 రాస్తాను. పేరు మారే అనుమానం ఉన్నచోట 'ఇది లేదా అది' అని రెండూ రాయొచ్చు, ఏది ఉంటే అది వస్తుంది. ఫెడోరాకు మిల్లు తమ్ముడు అదే పేరుతో ఆర్‌పీఎం చేయాలి. అక్కడ ప్యాకేజీ పేర్లు రాయనే వద్దు, కమాండ్ ఫైళ్లనూ పైథాన్ మాడ్యూళ్లనూ అడిగితే చాలు. రెండు రకాల మెషిన్లలోనూ సార్ టైప్ చేసేది మాత్రం ఒకటే మాట.

ల్యాబ్‌టూల్స్ పేరు మార్పు నీలం చేస్తావా? నేర్చుకున్నట్టు ఉంటుంది.

సాగర్_నీలం · సాయంత్రం 5:25

చేశాను అన్నా. 'డిండి-ల్యాబ్‌టూల్స్' అని మార్చి నా మెషిన్‌లో పెట్టి చూస్తే సార్‌కు వచ్చిన ఎర్రరే నాకూ వచ్చింది, దీని మీద రాయను అని. బలవంతం చేయలేదు :)

పాలమూరు_ప్యాకేజర్ · సాయంత్రం 5:44

మంచి పని చేశావు. పేరు మార్చడమంటే కొత్త పేరు రాయడం ఒక్కటే కాదు, పాత పేరుకు చిరునామా మార్పు కూడా రాయాలి. కొత్త ప్యాకేజీలో 'బ్రేక్స్', 'రీప్లేసెస్' రెండు వరుసలు చేర్చి, ఫైనల్ నుంచీ ఫైనల్2 నుంచీ ఫైళ్లు తీసుకునే హక్కు నాకుందని చెప్పు. ఆ వరుసల్లో పాత వెర్షన్ కంటే పెద్ద అంకె వెయ్యి. తర్వాత ఫైనల్, ఫైనల్2 పేర్లతోనే లోపల ఏమీ లేని ప్యాకేజీలు ఆ అంకెతో చేసి, అవి కొత్తదాని మీద ఆధారపడేలా రాయి. వాటి సెక్షన్ 'ఓల్డ్‌లిబ్స్' అని పెట్టు, అది మర్చిపోకు. అప్పుడు మామూలు అప్‌గ్రేడ్‌లోనే పాత మెషిన్ కొత్త పేరుకు చేరుతుంది. ఫెడోరాలో ఇదే పనికి 'ప్రొవైడ్స్', 'అబ్సొలీట్స్' రాస్తారు.

మిర్యాల_మిల్లు · రాత్రి 8:30

ఆర్‌పీఎం పెట్టాను. కరెంటు పోయి వచ్చింది, అందుకే లేటు.

సాగర్_నీలం · రాత్రి 9:17

ఎక్కింది అన్నా! మామూలు అప్‌గ్రేడ్‌లోనే వచ్చింది. రిపోలో పెట్టేశాను.

గడియారంసెంటర్ · సోమవారం సాయంత్రం 4:50

ప్రాక్టికల్స్ అయిపోయాయి. పొద్దున ఏడింటికి పోయి 38లోనూ 'డిండి-ల్యాబ్' నడిపాను. 37 సాఫీగా అయ్యాయి. ఒక ఫెడోరా మెషిన్‌కు నెట్ కేబుల్ వదులైంది, దాన్ని పేర్ల ఖాతాలో రాయలేం. కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడొకడు ప్రోగ్రాం తప్పు రాసి, లైబ్రరీ లేదు సార్ అని బుకాయించబోయాడు. ఈసారి ఉందని నాకు గట్టిగా తెలుసు.

ఒక అనుమానం. ఉబుంటు మెషిన్లలో 'ల్యాబ్‌టూల్స్-ఫైనల్', 'ఫైనల్2' ఇక అవసరం లేదు, ఆటోరిమూవ్ (అక్కర్లేనివి తీసేయడం) చేసుకో అంటోంది. పెట్టిన చేత్తో తీయాలంటే భయంగా ఉంది. చేసేయనా?

పాలమూరు_ప్యాకేజర్ · సాయంత్రం 4:58

నీలం ఓల్డ్‌లిబ్స్ అని సరిగ్గా రాసింది, అందుకే అలా అడుగుతోంది. చేసేయండి సార్.

గడియారంసెంటర్ · సాయంత్రం 5:20

26 మెషిన్లలోనూ పోయాయి. నడుస్తోంది.